అపొండి కింది చేను

అపొండికి ముక్కు మీదే కోపం అని ఆ మిట్ట మీద ఎవర్నడిగినా చెప్తారు. నిజమే. సంతలో ఎండుచేపలు కొలిచే ఆవిడ గిన్నెలో వేలు దూర్చి కొలిస్తే, వేలు తియ్యి, నీ వేలికి నేను డబ్బులివ్వడం లేదు అని పదిమందిలో కడిగేసే మనిషి. పాటలు సగంలో ఆపి చందా అడిగినందుకు చర్చిలోంచి లేచి వచ్చేసిన మనిషి. కానీ చెయ్యని తప్పుకి ఇరవై ఏళ్ళు మాట పడిన ఆడదానికి కోపం కాక ఇంకేం మిగులుతుంది? చిరునవ్వా?

ఆమె ఉగెన్యా అనే ప్రాంతం నుంచి ఒకుంబాకి రెండో భార్యగా వచ్చింది. వచ్చేటప్పుడు మూటలో తల్లి కట్టిచ్చిన విత్తనం ఉంది. కొంచెం మొక్కజొన్న, కొంచెం జొన్న, నాలుగు గుప్పిళ్ళ చిక్కుడు గింజలు. ఏ పెళ్ళికూతురైనా తెచ్చుకునేదే. పై చేను అప్పటికే పెద్ద భార్య అజ్వాంగ్‌ది. ఇంటికి ఆనుకుని, నల్లమట్టి, మంచి చేను. ఒకుంబా అపొండికి దాని కింద వాలులో, వాగు వైపున్న చెక్క ఇచ్చాడు. రెండో పంటకే అందులో కయొంగో అనే కలుపు లేచింది.

కయొంగో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఊదారంగు పూలు. పట్నం వాళ్ళు బండి ఆపుకుని ఫోటోలు తీసుకుంటారు. అలా తీసుకుంటున్న ఒక జంటని అపొండి ఓసారి పార చూపించి తరిమింది. ఆ పూలు పైకి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది మరి. అది మట్టి లోపలే మొక్కజొన్న వేరుని పట్టుకుని పీల్చేస్తుంది. పైన వాన పడుతూనే ఉంటుంది, మోకాలెత్తు మొక్క మాత్రం ఎండకి వాడినట్టు వాడిపోతుంది. పొత్తు వెయ్యదు, వేసినా బొటనవేలంత వేస్తుంది. అప్పుడు తీరిగ్గా ఊదాపూలు పైకొస్తాయి. ఒక్కో మొక్క దుమ్ములాంటి విత్తనం వేలకి వేలు రాలుస్తుంది. అది ఏళ్ళ తరబడి మట్టిలో చావకుండా పడుంటుంది.

నీళ్ళ దగ్గర అజ్వాంగ్ ఒక మాట అంది. "ఉగెన్యా దాని మూటలో వచ్చింది ఇది. నా చేలో ఎప్పుడైనా చూశారా?" ఎవరూ చూడలేదు. పై చేను అద్దంలా ఉండేది. అంతే, ఆ మాట అతుక్కుపోయింది. పక్క మిట్ట మీద ఎవరి చేలో కయొంగో లేచినా అపొండి కాళ్ళ వైపే చూసేవాళ్ళు.

ఒకుంబా చెడ్డవాడు కాడు, నెమ్మదస్తుడు. అందుకే ఆమెకి ఇంకా మండేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది, ఇద్దరికీ తీరిపోయేది. ఆయన ఒకే ఒక్కసారి, విత్తనం కాస్త చూసి కట్టుకోవాల్సింది కదా అని మెత్తగా అడిగి ఊరుకున్నాడు. మా పుట్టింట్లో ఈ కలుపు లేదు, కావాలంటే వచ్చి చూడు అని ఆమె ఎన్ని విధాల మొత్తుకున్నా సరేలే అన్నాడు. ఆ సరేలే కంటే చెంపదెబ్బ నయం. చివరికి ఆసుపత్రి మంచం మీద, ఊపిరి అందని స్థితిలో, ఇంట్లో వాళ్ళకి అప్పగింతలు చెప్తూ, కింది చేలో తిరిగిన కాళ్ళతో ఎవరూ పై చేలోకి వెళ్ళొద్దు అన్నాడు. అపొండి ఆయన పాదాల దగ్గరే నిలబడి ఉంది. మూడో రోజు ఆయన పోయాడు. ఆమె ఏడవలేదని కూడా చెప్పుకున్నారు.

అజ్వాంగ్ పై చేను చుట్టూ, చూపు కూడా దూరనంత దట్టంగా, తలెత్తు ముళ్ళకంచె వేయించుకుంది. అపొండి పిల్లలు బంతి కోసం కూడా అందులోకి దూరే వీల్లేదు.

ఆ తర్వాతి ఏడు పరిశోధన కేంద్రం నుంచి ముఖ్వానా అనే డాక్టరు వచ్చాడు. మొక్కజొన్న డాక్టరు. కయొంగోకి లొంగని మొక్కజొన్న పుట్టించాలని అతని పని. అలాంటిది పుట్టిందో లేదో తెలియాలంటే మంచి చేను పనికిరాదు. ఈ చుట్టుపక్కల అందరికంటే చెడ్డ చేను ఎవరిది అని అతను అడగ్గానే అక్కడున్న వాళ్ళంతా నవ్వుతూ ఒకే వైపు చెయ్యి చూపించారు. ఒకుంబా తమ్ముడు ఒచోలా, కులపెద్దల్లో పెద్దమనిషి, అతను కూడా నవ్వాడు.

అపొండి నవ్వలేదు. ఆ చేలో తలెత్తి నిలబడే పంట ఒక్కటంటే ఒక్కటి పండితే, ఈ మిట్ట మీద అందరి నోళ్ళూ మూతపడతాయని ఆమె ఆశ. ఒప్పుకుంది. ఒకే షరతు పెట్టింది, నా మట్టిలో నిలబడ్డ దాని విత్తనం ముందు నాకివ్వాలి, తర్వాతే మీ కేంద్రానికి. ముఖ్వానా సరేనన్నాడు.

విత్తే రోజున మనుషుల్ని పెట్టి గుంటలు తీయించి, ఒక్కో గుంటలో చెంచాడు ఇసక వెయ్యసాగాడు. ఇసకలో ఏం కలిపావని ఆమె అడిగింది. కయొంగో విత్తనం, చేనంతా ఒకే తీరుగా ఉండాలి కదా అన్నాడు. అపొండికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇసక డబ్బా లాక్కుని అతన్ని వాగుదాకా తరిమింది. "ఇన్నేళ్ళూ నేను తెచ్చి పోశానని అన్నారు. ఇవాళ నువ్వు నిజంగానే తెచ్చి పోస్తున్నావు. నీకు డాక్టరని పేరా?" ముఖ్వానా వాగు అవతల నిలబడి, ఉన్నదాని మీద ఇది సముద్రంలో చెంబుడు నీళ్ళమ్మా అని బతిమాలాడు. డబ్బా తిరిగి ఇవ్వడానికి సాయంత్రమైంది.

అక్కడ పద్ధతి ఒకటుంది. ఇంటి మొదటి భార్యని మికాయి అంటారు. మికాయి తన చేలో గింజ వేశాకే మిగతావాళ్ళు వెయ్యాలి. కోత కూడా ఆమె చేత్తోనే మొదలవ్వాలి. ఆమె మొదటి పొత్తులు తెచ్చి తన పొయ్యి మీద కాల్చి పిల్లలకి పెట్టి, ఆ ఇంటికి భార్యగా వచ్చిన ప్రతి ఆడదానికీ కాల్చని పొత్తు ఒకటి చేతికిస్తుంది. అది నోట్లో పడ్డాకే వాళ్ళ పొయ్యి మీదికి కొత్త పంట ఎక్కుతుంది. మీరితే కీడు, అదీ పిల్లల మీదికి వస్తుంది. ముఖ్వానాకి ఇదంతా తెలుసు, వాళ్ళవైపూ ఉన్నదే. తొలకరి పడగానే పంచదార, టీపొడి పట్టుకుని ముందు అజ్వాంగ్ గుమ్మం ఎక్కేవాడు, అమ్మా ఈసారి కాస్త త్వరగా గింజ వెయ్యండి అని. ఆవిడ పంచదార పుచ్చుకుని వేసేది. విత్తడం దాకా అతను తెలివిగానే నడిపించాడు. కోత సంగతి అతనికీ తట్టలేదు, అపొండికీ తట్టలేదు. ఆ చేలో కోసేటంత పంట ఏ కారూ లేదు మరి. వరసకో రకం వేసేవాడు, వరసకు వరస కూలిపోయేది. అతను కాగితం మీద రాసుకుని, పాపం మొహం పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. జనం నవ్వడానికి కొత్త సరుకు దొరికేది.

మూడో ఏడు, పెద్దవానల కారులో, ఒక వరస నిలబడింది.

మిగతావన్నీ వాడి తలలు వేలాడేస్తే అది మాత్రం ముదురాకుపచ్చగా అపొండి భుజం దాకా లేచింది. దాని మొదళ్ళ దగ్గర ఒక్క ఊదాపువ్వు లేదు. ముఖ్వానా మోకాళ్ళ మీద కూచుని వేళ్ళతో మట్టి తవ్వి చూశాడు. వేరు కయొంగోని పట్టుకోనివ్వడం లేదమ్మా అని చెప్పాడు. అది కిందటి కారులో తను రెండు రకాల్ని కలిపి పుట్టించిన ఒక కలయిక, ఉన్న కాసిని గింజలూ ఇక్కడే వేశాడు. పూత మీద, పీచు మీద కాగితం సంచులు తొడిగి, దాని పుప్పొడి దానికే పట్టించి, ఎనిమిది పొత్తులకి సంచులు కట్టాడు. నెల దాటాక వస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని అపొండికి చెప్పి వెళ్ళాడు. ఒక్క అపొండికే చెప్పాడు. సవతులిద్దరి మధ్యా మాటల్లేవని అతనికి తెలియదు.

ఆ నెల రోజులూ ఆమె మనిషి కాదు. కోతుల్ని తోలడానికి చేలోనే కూచునేది. ఎవరైనా ఎలా ఉందని అడిగితే వెళ్ళి చూసుకో అనేది, చూడ్డానికొస్తే దూరం నుంచి చూడు అనేది. మొట్టమొదటిసారి ఆ చేనంటే ఆమెకి గర్వం పుట్టింది. గర్వాన్ని కూడా కోపంలాగే చూపించడం ఆమెకి అలవాటు.

ఈలోగా ఇంట్లో తిండి అయిపోయింది. చేను గట్టున తన సొంతానికి వేసుకున్న నాలుగు సాళ్ళలో బొటనవేలంత పొత్తులే కాశాయి, అయినా కడుపుకి ఆధారమే. కొయ్యాలంటే అజ్వాంగ్ కోత తెరవాలి. ఆవిడ తెరవదు. మిట్ట మీద అన్ని ఇళ్ళలోనూ కొత్త పిండితో ముద్ద వండుకుంటున్నారు, ఈ ఇంట్లో పిల్లలు ఉడకేసిన కర్రపెండలంతో గడుపుతున్నారు. అడగమని కూతుర్ని పంపితే ఇంకా పచ్చిగా ఉంది అని జవాబు. వారం పోయాక మళ్ళీ పంపితే అదే జవాబు. కావాలనే మాడుస్తోందని అపొండి పళ్ళు నూరింది.

ఆదివారం ఒచోలా వాకిట్లో ఆడవాళ్ళ సంఘం కూర్చున్నప్పుడు అజ్వాంగ్ కర్ర ఊతంతో వచ్చి కుర్చీలో కూచుంది. అపొండి లేచి నిలబడింది.

"నీ చెయ్యి పడకపోతే నా పిల్లలు ఆకలికి మాడాలా అక్కా? కోత తెరువు. చేతకాకపోతే చేతకాదని ఇంతమందిలో చెప్పు, నేను తెరుస్తాను."

రెండో భార్య కోత తెరుస్తాననడం ఆ వాకిట్లో ఇంతకుముందు ఎవరూ వినలేదు. ఒచోలా నోరు తెరిచేలోపే అజ్వాంగ్ మెల్లగా, రేపు తెరుస్తాను అంది. ఆమె మొహం నల్లబడటం అపొండి చూసింది, చూసి మనసారా సంతోషించింది.

మర్నాడు సంత. అపొండి ఎండుచేపలు తెచ్చుకుందామని చేను చూస్తుండమని పిల్లలకి చెప్పి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. అజ్వాంగ్ ఇంటి దగ్గర పొగ లేస్తోంది. తెరిచిందన్నమాట అనుకుని అటు నడిచింది. ఒచోలా బల్ల మీద కూచుని ఉన్నాడు. అజ్వాంగ్ దగ్గర పెరిగే మనవలు, అపొండి పిల్లలు పొయ్యి చుట్టూ కూచుని కాల్చిన పొత్తులు కొరుకుతున్నారు. ముదురు పొత్తులు, పళ్ళు నొప్పి పుట్టేంత ముదురు, అయినా ఆకలి మీదున్న పిల్లలు. చేటంత వెడల్పు నవ్వులు. పొయ్యి పక్కన సగం కాలిన కాగితం సంచులు పడి ఉన్నాయి.

అపొండికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేపల బుట్ట చేతిలోంచి జారిపోయింది. ఆమె చిన్నకూతురు పెదాల నిండా మసితో, చాలా బావుందమ్మా, నువ్వు కూడా తిను అంది.

అజ్వాంగ్ పక్కనున్న పళ్ళెంలోంచి కాల్చని పొత్తు ఒకటి తీసి రెండు చేతులతో చాపింది. ఇంటి ఆడదానికి రావాల్సిన పొత్తు. ఎనిమిదింట్లో మిగిలింది అదొక్కటే.

"నా నోట్లో మట్టి కొట్టావు" అంది అపొండి. గొంతు పైకి లేవలేదు. అరిచి ఉంటే పిల్లలు అంత భయపడేవాళ్ళు కాదు.

"తెరవమన్నావు, తెరిచాను" అంది అజ్వాంగ్. "ఇంటి భూమి ఏదైనా మికాయి తెరవొచ్చు."

తిను, పద్ధతి పూర్తవ్వాలి అన్నాడు ఒచోలా. తినకపోతే ఆమె పొయ్యి మీదికి ఈ ఏడు పంట ఎక్కదు, పిల్లలు ఆ బొటనవేలంత పొత్తులు కూడా ముట్టకూడదు. తింటే డాక్టరు కలయిక, మూడేళ్ళ ఎదురుచూపు, ఆమె పరువు, అన్నీ కడుపులోకి పోతాయి. అపొండి పొత్తు అందుకుంది. పైపొర వలిచింది. కొసన, విత్తనానికి పనికిరాని చోట, సరిగ్గా ఊరని చిన్న గింజలుంటాయి. అందులో ఒక్కటి గోటితో పీకి నోట్లో వేసుకుని, ఒచోలా కళ్ళలోకి చూస్తూ నమిలింది.

"తిన్నాను. చాలా?"

ఒచోలా ఆమె చేతిలో పొత్తునీ ఆమె మొహాన్నీ కొలుచుకుని, చాలు అన్నాడు. చాలదంటే ఏమయ్యేదో అతనికీ తెలుసు.

పొత్తు కొంగులో కట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళలేదు. నీ చేను ఉండగా నా చేలోకెందుకు దిగావే అనుకుంటూ తిన్నగా పై చేను వైపు నడిచింది. ముళ్ళకంచెని చేత్తోనే లాగి పడేసింది. కింది చేలో తిరిగిన కాళ్ళతోనే లోపలికి వెళ్ళింది.

చేనంతా ఊదాపూలు. ఇటు నుంచి అటు దాకా, మొక్కజొన్న ఎండుటాకుల మధ్య, మోకాలెత్తున. ఒక్క పొత్తు లేదు.

వెనక కర్ర చప్పుడైంది. అజ్వాంగ్ రొప్పుతూ వచ్చి కంచె దగ్గర ఆగింది. అపొండి వెనక్కి తిరగకుండానే, ఎప్పట్నుంచి అని అడిగింది. ఈ ఏడే అనో, నీ చేలోంచే అనో అంటుందనుకుని మాటలు సిద్ధం చేసుకుంది.

"నువ్వు రాకముందు నుంచి" అంది అజ్వాంగ్. "రోజూ తెల్లారగట్ల ఒక్కో మొక్కా పూత పట్టకుండా పీకేసేదాన్ని. పీకి పొయ్యిలో పెట్టేదాన్ని. రెండేళ్ళయింది, మోకాళ్ళు వంగడం లేదు."

"మరి నా మూటలో వచ్చిందన్నావు."

"ఆయన ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. నా మీదికి నిన్ను తెచ్చాడని మంటగా ఉంది, నోట్లోంచి ఆ మాట వచ్చేసింది, నీళ్ళ దగ్గరా అదే అన్నాను. వచ్చాక ఎలా వెనక్కి తీసుకోను?"

అపొండి వాలు వైపు చూసింది. వానకి కోసుకుపోయిన సన్నని కాలవలు ఈ చేను అంచున మొదలై తిన్నగా తన చేలోకి దిగుతున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆ కాలవలు అక్కడే ఉన్నాయి. నీళ్ళు పల్లానికి పోతాయని తెలియని మనిషి ఆ మిట్ట మీద లేడు. పై చేను శుభ్రంగా కనిపించింది కాబట్టి ఎవరూ ఆ వైపు తల తిప్పలేదు, అంతే. ఆవిడని కర్రతో సహా వాగులోకి తొయ్యాలన్నంత కోపం వచ్చింది. తొయ్యలేదు. తోసి ఉంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

నాలుగు రోజులకి ముఖ్వానా వచ్చి ఖాళీ మొక్కల మధ్య కూలబడిపోయాడు. అపొండి జాలి పడలేదు. కాగితం కట్టి వెళ్ళిపోవడమేనా, ఈ ఇంట్లో కోత ఎవరు తెరుస్తారని ఒక్కమాట అడిగావా, పంచదార ఇచ్చిన చేత్తో ఆవిడకి కూడా చెప్పి ఉండొచ్చు కదా అని కడిగేసింది. మా అమ్మ కూడా మొదటి భార్యేనమ్మా, నాకు తట్టి ఉండాల్సింది అని అతను తల దించుకున్నాడు. నీడన ఆరబెట్టిన పొత్తు చూపించేసరికి లేచి నిలబడ్డాడు. మొత్తం కేంద్రానికి తీసుకెళ్తానన్నాడు. మాటంటే మాటే అంది అపొండి. గింజలు వలిచి, తన గుప్పెడు ముందు తీసుకుని, మిగిలింది అతని రుమాల్లో పోసింది.

చిన్నవానలు మొదలయ్యే ముందు అజ్వాంగ్ తనే అపొండి గుమ్మం ముందుకి వచ్చి నిలబడింది. అపొండి ఆ ఇంటికి వచ్చాక ఇదే మొదటిసారి. పై చేలో మామూలు గింజ వేస్తే మొలకల్లోనే పోతుంది, మనవలు పస్తులుంటారు, ఆ విత్తనంలో కాస్త ఇవ్వు అంది. అపొండి తలుపు మొహాన వేద్దామనే లేచింది. ఆ పిల్లలు ఏం పాపం చేశారని ఆగింది.

"ఇస్తాను. మికాయివి, నువ్వే ముందు వేస్తావు. కానీ వేసేముందు అందర్నీ పిలుస్తాను. నీళ్ళ దగ్గర అన్న మాట వాళ్ళ ముందు నీ నోటితోనే వెనక్కి తీసుకోవాలి. లేదంటే ఒక్క గింజ రాల్చను."

అజ్వాంగ్ కర్ర మీద రెండు చేతులూ ఆన్చి, సరే అని వెళ్ళిపోయింది.

వాన పడ్డ మర్నాడు మిట్ట మీద జనమంతా పై చేను గట్టున చేరారు. ఒచోలా ఉన్నాడు, సంఘం ఆడవాళ్ళున్నారు, నవ్విన వాళ్ళందరూ ఉన్నారు. అపొండి కొంగు విప్పి గింజలు సవతి దోసిట్లో పోసింది. అజ్వాంగ్ వాటిని చూస్తూనే చెప్పింది. కయొంగో అపొండి తేలేదు, తన చేలోంచే దిగింది, తనకి మొదట్నుంచీ తెలుసు. అందరికీ వినపడేటట్టే చెప్పింది. ఒచోలా గొంతు సవరించుకుని, సరే, అయిపోయింది కదా, ఇక గింజ వెయ్యండి అన్నాడు.

అయిపోయిందా? అపొండి ఈ మాట కోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూసింది. విన్నాక గుండెల మీద బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. వినాల్సిన మనిషి ఈ గుంపులో లేడు. సరేలే అన్న మనిషి, కాళ్ళ గురించి అప్పగింతలు చెప్పి పోయిన మనిషి, వాకిట్లో మట్టి కింద ఉన్నాడు.

"నాకు కాదు చెప్పాల్సింది" అంది అపొండి. "ఆయన అటు ఉన్నాడు. అటు తిరిగి మళ్ళీ చెప్పు."

చేను వదిలి అజ్వాంగ్ వాకిలి వైపు తిరిగింది. దోసిట్లో గింజలు అలాగే పట్టుకుని, ఒకుంబా సమాధికేసి చూస్తూ, మొదటినుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.